కారు ముందు ఇండికేటర్ బల్బు ఇంట్లోనే మార్చుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

ఎడమవైపు తిరగాలని ఇండికేటర్ వేశారు. రోజూ నింపాదిగా వినిపించే టిక్ టిక్ చప్పుడు ఇవాళ ఎవరో తరుముతున్నట్టు గబగబా వినిపించింది. డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ బాణం గుర్తు కూడా అంతే వేగంగా కొట్టుకుంటోంది. కుడివైపు వేసి చూస్తే అంతా మామూలే. కారుకు ఏదో పెద్ద జబ్బు చేసిందని టెన్షన్ పడకండి. ఎడమవైపు బల్బుల్లో ఒకటి మాడిపోయిందని కారు మీకు చెబుతోంది.

ఈ వేగం ఎందుకు పెరుగుతుందో తెలిస్తే తర్వాతి పనంతా తేలికవుతుంది. చాలా కార్లలో ఒక్కో వైపు ముందు 21 వాట్ల బల్బు, వెనక 21 వాట్ల బల్బు, పక్కన ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) మీదో సైడ్ మిర్రర్ మీదో 5 వాట్ల చిన్న బల్బు ఉంటాయి. మొత్తం 47 వాట్లు. 12 వోల్టుల లెక్కన దాదాపు 4 ఆంపియర్ల కరెంటు. ముందు బల్బు పోయిందంటే అది 2 ఆంపియర్ల చిల్లరకు పడిపోతుంది. ఇండికేటర్‌ను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే ఫ్లాషర్ రిలే, కొత్త కార్లయితే ఆ పని చేసే కంట్రోల్ యూనిట్, ఈ తేడాను పసిగట్టి కావాలనే వేగం పెంచుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి. అంతకు మించి కొట్టుకుంటే డ్రైవరు చెవికి వెంటనే తేడా తెలుస్తుంది. బాగా పాత కార్లలో వేడికి వంగే లోహపు పట్టీతో నడిచే ఫ్లాషర్లు ఉండేవి. వాటిలో బల్బు పోతే వేగం పెరగదు. నెమ్మదిస్తుంది, లేదా వెలిగి అలాగే నిలిచిపోతుంది. మీది అలాంటి పాత కారైతే గుర్తు అదే.

ముందు ఇండికేటర్ పోయినా వెనక వచ్చేవాళ్లకు మీరు ఎటు తిరుగుతారో తెలుస్తూనే ఉంటుంది. తెలియనిది ఎదుటివాళ్లకు. కూడలిలో కాలు కింద పెట్టి ఆగిన బైకు మనిషి, పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోతున్న తల్లి, వీళ్లంతా మీ కారు ముందు భాగం చూసే అడుగు ముందుకు వేయాలా ఆగాలా అని నిర్ణయించుకుంటారు. అందుకే దీన్ని వచ్చే వారానికి వాయిదా వేయకండి. చాలా కార్లలో ఇది అరగంట పని. అందులో బల్బు మార్చేది రెండే నిమిషాలు. మిగతాదంతా చెయ్యి అక్కడికి చేరడం, బల్బు కూర్చునే పాత హోల్డర్‌ను శ్రద్ధగా చూడడం. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నేను అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఏది పోయిందో తేల్చుకోండి

హజార్డ్ స్విచ్ (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగించేది) నొక్కి కారు చుట్టూ ఒకసారి నడవండి. ముందు రెండు, వెనక రెండు, పక్కన రెండు, ఏవి వెలుగుతున్నాయో ఏవి లేవో కళ్లారా చూడండి. వేగంగా కొట్టుకుంటోంది కదా అని తిన్నగా ముందు బల్బు విప్పేవాళ్లున్నారు. తీరా చూస్తే పోయింది వెనకది.

ఏ వైపు ఇండికేటరూ వెలగక, హజార్డ్ కూడా రాకపోతే బల్బుల జోలికి వెళ్లకండి. ముందు ఫ్యూజు, తర్వాత ఫ్లాషర్ రిలే చూడాలి. హజార్డ్ వేస్తే అన్నీ వెలుగుతూ, ఇండికేటర్ వేస్తే మాత్రం ఏదీ వెలగకపోతే అనుమానం స్టీరింగ్ దగ్గరి స్విచ్ మీదికో, దాని ఫ్యూజు మీదికో పోవాలి. ఇండికేటర్ వేసినప్పుడు ముందు బల్బు మసగ్గా వెలుగుతూ, దాంతోపాటు పార్కింగ్ లైటు కూడా మిణుకుమంటోందా? అది చాలావరకు ఎర్త్ వైరు (కరెంటును కారు బాడీకి తిరిగి చేర్చే వైరు) సరిగా తగలకపోవడం. కరెంటు తన దారి దొరక్క పక్క బల్బు గుండా వెళ్లి ఇంటికి చేరుతోంది.

ఇంకో మాట. కొత్త కార్లలో చాలావాటికి ముందు ఇండికేటర్ ఎల్‌ఈడీ, హెడ్‌ల్యాంప్‌లోనే మూసి ఉంటుంది. అందులో విడిగా మార్చే బల్బు ఉండదు. ఓనర్స్ మాన్యువల్‌లో బల్బుల పట్టిక చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఏ బల్బు తేవాలి

అదే పట్టికలో బల్బు రకం కూడా ఉంటుంది. పాత బల్బు ఇత్తడి మొదలు మీద కూడా ముద్రించి ఉంటుంది. ముందు ఇండికేటర్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు.

ఒకటి పీవై21డబ్ల్యూ. గుండ్రటి గాజు, కింద 15 మిల్లీమీటర్ల లోహపు మొదలు, దానికి రెండు చిన్న పిన్నులు. దీన్ని నొక్కి తిప్పి బిగిస్తారు. రెండోది డబ్ల్యూవై21డబ్ల్యూ. దీనికి లోహపు మొదలు ఉండదు. గాజే చదునుగా ఉండి, సాకెట్‌లోకి తిన్నగా దిగుతుంది. పేరులో 'వై' అంటే పసుపు. ముందు ఇండికేటర్ వెలుగు నారింజ పసుపులోనే ఉండాలి కాబట్టి, పైన లెన్స్ తెల్లగా ఉన్న కారులో బల్బు గాజుకు ఆ రంగు ఉండాలి. లెన్స్‌కే నారింజ రంగు ఉంటే బల్బు తెల్లది, అంటే పీ21డబ్ల్యూ లాంటిది.

ఈ రెండూ తారుమారు కాకుండా తయారీలోనే ఒక జాగ్రత్త పెట్టారు. తెల్ల పీ21డబ్ల్యూను వేళ్ల మధ్య పట్టుకుని కింది నుంచి చూడండి. రెండు పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా, 180 డిగ్రీల్లో ఉంటాయి. పసుపు పీవై21డబ్ల్యూను అలాగే చూస్తే ఒక పిన్ను కాస్త పక్కకు జరిగి ఉంటుంది, 150 డిగ్రీలు. పసుపు బల్బు ఉండాల్సిన హోల్డర్‌లో తెల్లది కూర్చోదు. కాబట్టి బల్బు దిగడం లేదంటే బలం పెట్టకండి. మీ చేతిలో ఉన్నది వేరే రకం.

కొన్ని కార్లలో ఇండికేటర్, పార్కింగ్ లైటు రెండూ ఒకే బల్బులో ఉంటాయి. దానిలో రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నటి తీగలు) ఉంటాయి. లోహపు మొదలున్న రకమైతే పిన్నులు ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో ఉంటాయి. దాని బదులు ఒకే ఫిలమెంటు బల్బు పెడితే ఏదో ఒక పని ఆగిపోతుంది.

కొనేటప్పుడు రెండు తీసుకోండి. రెండు వైపులవీ ఒకే వయసు బల్బులు. ఒకటి పోయిందంటే రెండోది ఎంతో దూరంలో లేదు. రెండూ మార్చేసి, ఇంకా వెలుగుతున్న పాతదాన్ని గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో దాచుకోవచ్చు. రెండో వైపు విప్పినప్పుడు గాజు మీది పసుపు రంగు కూడా చూడండి. ఏళ్ల తరబడి వేడికి ఆ పూత పాలిపోయి, పెచ్చులూడి, ఇండికేటర్ తెల్లగా కొట్టడం మొదలవుతుంది. బల్బు వెలుగుతున్నా దాని పని అది చేయడం లేదన్నట్టే.

చెయ్యి ఎటు నుంచి వెళ్తుంది

బల్బు మార్చడం ఏ కారులోనైనా ఒకటే. అక్కడికి వెళ్లే దారి మాత్రం కారు కారుకీ మారుతుంది.

అన్నింటికంటే సులువు బానెట్ ఎత్తి హెడ్‌ల్యాంప్ వెనక నుంచి వెళ్లడం. టార్చి వేసి చూస్తే మధ్యలో పెద్ద రబ్బరు మూతో ప్లాస్టిక్ మూతో కనిపిస్తుంది. అది హెడ్‌లైటుది. దాని పక్కన, ఎక్కువగా బయటి మూల వైపు, చిన్న హోల్డర్ ఒకటి వైర్లతో ఉంటుంది. ఇండికేటర్ అదే. నమ్మకం కుదరకపోతే ఇండికేటర్ బాగున్న రెండో వైపు చూడండి. హజార్డ్ వేసినప్పుడు ఏ హోల్డర్ దగ్గర వెలుగు కొట్టుకుంటోందో అక్కడ తెలిసిపోతుంది. కొన్ని కార్లలో దారికి అడ్డంగా ఎయిర్ ఫిల్టర్ గొట్టమో, వాషర్ నీళ్ల ట్యాంకు మెడో, బ్యాటరీయో ఉంటుంది. గొట్టాన్నీ ట్యాంకు మెడనూ క్లిప్పు తీసి పక్కకు జరపొచ్చు. బ్యాటరీ తీయాల్సి వస్తే ముందు నెగటివ్ వైరు విప్పాలి. బిగించేటప్పుడు అది చివర్న.

రెండో దారి చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ గుండా. ఇక్కడ ఒక చిట్కా: బల్బు ఏ వైపుదో దానికి వ్యతిరేక దిశలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇంజిన్ ఆపండి. ఎడమ బల్బు కోసమైతే కుడికి. చక్రం ముందు భాగం లోపలికి తిరిగి, చెయ్యి పట్టేంత జాగా వస్తుంది. లైనర్ ముందు అంచున రెండు మూడు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. చాలావాటికి మధ్యలో ఉన్న గుండీని చిన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే మొత్తం క్లిప్పు ఊడొస్తుంది. కొన్నింటిలో ఆ గుండీని లోపలికి కొద్దిగా నొక్కాలి. లేపుతుంటే అంచులు విరుగుతున్నాయనిపిస్తే మీది నొక్కే రకం. లైనర్‌ను పూర్తిగా తీయక్కర్లేదు. ఒక పక్క వెనక్కి వంచి పట్టుకుంటే చాలు. దీని కోసం కారు జాకీ మీద ఎత్తనక్కర్లేదు. ఎత్తారంటే మాత్రం స్టాండు లేకుండా చెయ్యి కింద పెట్టకండి.

మూడో దారి హెడ్‌ల్యాంప్ మొత్తం బయటికి తీయడం. రెండు నుంచి నాలుగు బోల్టులుంటాయి, చాలావరకు 10 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది. కొన్ని కార్లలో ఒక బోల్టు బంపర్ అంచు కింద దాక్కుంటుంది. అన్నీ విప్పాక కూడా ల్యాంప్ రాకపోతే గుంజకండి, ఇంకో బోల్టు ఎక్కడో మిగిలే ఉంటుంది. ఇలా తీసిన ల్యాంప్‌ను తిరిగి పెట్టాక, రాత్రిపూట ఒక గోడ మీద హెడ్‌లైటు వెలుగు రెండు వైపులా ఒకే ఎత్తులో పడుతోందో లేదో చూడాలి. బంపర్ విప్పాల్సిన కార్లూ ఉన్నాయి. వాటిని మొదటిసారి ఒంటరిగా చేయమని నేను చెప్పను. పెయింటు గీసుకుపోయే పని అది.

ఇప్పుడు పనిలోకి

చేతికి గ్లవ్స్, ఒక టార్చి, చిన్న స్క్రూడ్రైవర్, మెత్తటి పొడి గుడ్డ, కాంటాక్ట్ క్లీనర్ (బల్బుకు కరెంటు అందించే లోహపు కాంటాక్టులను శుభ్రం చేసే స్ప్రే) డబ్బా దగ్గర పెట్టుకోండి.

1. కారు సమతలంగా ఉన్నచోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇండికేటర్ ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకోండి. ఇప్పుడే నడిపి వచ్చిన కారైతే పావుగంట చల్లారనివ్వండి. తాళం తీసినా రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగొచ్చు. వేళ్లు, జుట్టు, వేలాడే బట్టలు దాని దగ్గరికి పోనీయకండి. హెడ్‌లైటు జెనాన్ రకమైతే దాని మూత జోలికి వెళ్లొద్దు, లోపల వేల వోల్టులు ఉంటాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోకండి.

2. హోల్డర్ వెనక భాగాన్ని బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకోండి. వైరును పట్టుకుని గుంజొద్దు. గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, పావు చుట్టు లోపే తిప్పండి. ఇక్కడే చాలామంది తడబడతారు. దిశ ఎప్పుడూ హోల్డర్ వెనక నుంచి చూసినట్టు లెక్క. మీరు కారు ముందు నిలబడి చెయ్యి వెనక్కి పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. మిమ్మల్ని మీరు హోల్డర్ వెనక కూర్చున్నట్టు ఊహించుకుని తిప్పండి. కదలకపోతే గుడ్డ ముక్క చుట్టి పట్టు పెంచండి. పటకారుతో బిగించి పడితే ఎండకీ వేడికీ పెళుసెక్కిన ప్లాస్టిక్ రెక్కలు విరిగే ప్రమాదం ఉంది. సరైన చోటికి రాగానే హోల్డర్ చిన్న కుదుపుతో వదులవుతుంది. ఆ కుదుపు వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది.

3. హోల్డర్‌ను బల్బుతో సహా బయటికి లాగండి. లోహపు మొదలు బల్బయితే మెల్లగా లోపలికి నొక్కి, గడియారానికి ఎదురు దిశలో తిప్పి వదిలితే స్ప్రింగే బయటికి నెడుతుంది. గాజు మొదలుదైతే తిన్నగా లాగాలి. అటూ ఇటూ ఊపితే గాజు విరుగుతుంది.

4. పాత బల్బును వెలుతురుకు పట్టి చూడండి. సన్నటి ఫిలమెంటు తెగి ఒక కొస వేలాడుతుండొచ్చు. గాజు లోపల నల్లగానో అద్దంలా వెండి రంగులోనో పొర కట్టి ఉంటే దాని ఆయుష్షు తీరి పోయింది. లోపల తెల్లటి బూడిద ఉంటే గాజు పగిలి గాలి దూరిందని అర్థం. ఇలాంటిదైతే హోల్డర్‌లో నీటి జాడ వెతకాలి. వేడి గాజు మీద ఒక చల్లటి చుక్క పడితే చాలు, పగులు వస్తుంది.

కొత్తది పెట్టే ముందు హోల్డర్ చూడండి

మా కారులో ఒకే వైపు బల్బు ఆర్నెల్లలో మూడుసార్లు పోయింది. రెండుసార్లు కొత్తది పెట్టేసి బానెట్ దించేశాను. మూడోసారి హోల్డర్‌ను పగటి వెలుతురులోకి తెచ్చి చూశాను. దాని చుట్టూ ఉండే రబ్బరు వాషరు ఒకచోట మెలిపడి, గాడిలోంచి సగం బయటికి వచ్చి ఉంది. ఆ సందులోంచి ప్రతి వానకూ, ప్రతి కార్ వాష్‌కూ కాస్త తేమ లోపలికి పోతోంది. లోపలి కాంటాక్టు పచ్చటి చిలుము పట్టి, ఒక అంచున వేడికి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. బల్బు తప్పేమీ లేదు. వాషరు సరిచేసి, చిలుము తుడిచాక ఆ బల్బు మళ్లీ పోలేదు.

కాబట్టి హోల్డర్‌లోకి టార్చి వేసి మూడు చూడండి. కాంటాక్టులు మెరుస్తున్నాయా, పచ్చగానో నల్లగానో ఉన్నాయా? అడుగున ఉన్న కాంటాక్టును స్క్రూడ్రైవర్ కొసతో నొక్కితే తిరిగి పైకి వస్తోందా, అణిగి ఉండిపోయిందా? రబ్బరు మెత్తగా, చుట్టూ సమానంగా ఉందా? చిలుము కొద్దిగా ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరనిస్తే పోతుంది. ప్లాస్టిక్ కరిగి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, హోల్డరే మార్చాలి. వదులుగా తగిలే కాంటాక్టు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడి కాంటాక్టును ఇంకా వదులు చేస్తుంది. ఒకసారి మొదలైతే ఆగదు.

5. కొత్త బల్బును గుడ్డతోనో గ్లవ్స్‌తోనో పట్టుకోండి. హెడ్‌లైటు హాలోజన్ బల్బుకు ఉన్నంత పట్టింపు ఈ మామూలు 21 వాట్ల బల్బుకు లేదు, అయినా వేలి జిడ్డు గాజు మీద ఉండకపోవడమే మంచిది. పొరపాటున తగిలితే తుడిచేయండి. పిన్నులను గాడిలకు సరిచూసి, నొక్కి, గడియారం దిశలో తిప్పండి. గాజు మొదలుదైతే ఆగేదాకా తిన్నగా నొక్కండి. కూర్చున్నాక మెల్లగా లాగి చూడండి, కదలకూడదు.

6. హోల్డర్‌ను ల్యాంప్‌లో బిగించే ముందే ఒకసారి వెలిగించి చూడండి. అన్నీ మూసేశాక వెలగలేదని తెలిస్తే మళ్లీ అంత శ్రమా పడాలి. వేగం మామూలుగా ఉందా? ఒకే బల్బులో పార్కింగ్ లైటు కూడా ఉంటే అదీ వేసి చూడండి.

7. హోల్డర్ చుట్టూ ఉండే రెక్కలు ఒకటి వెడల్పుగా, మిగతావి సన్నగా ఉంటాయి. ఒకే ఒక్క తీరులో దిగుతుంది. దిగాక గడియారం దిశలో తిప్పితే గట్టిగా ఆగుతుంది. అప్పుడు చూపుడువేలితో రబ్బరు అంచు చుట్టూ తడిమి, ఎక్కడా మెలిక లేదని చూసుకోండి. లైనర్ వంచి ఉంటే క్లిప్పులన్నీ తిరిగి పెట్టండి. ఒక్కటి వదిలేసినా వేగంలో లైనర్ రెపరెపలాడి టైరుకు రాసుకుంటుంది.

అయినా వెలగకపోతే

కొత్త బల్బు పెట్టినా చీకటిగానే ఉంటే బల్బును, వోల్టేజీ, రెసిస్టెన్సు కొలిచే మల్టీమీటర్‌తో చూడండి. మంచి బల్బుకు మీటరు బీప్ అంటుంది, చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్సు ఒక ఓం అటూ ఇటూ మాత్రమే. తర్వాత ఇండికేటర్ వేసి హోల్డర్ కాంటాక్టుల మధ్య వోల్టేజీ చూడండి. 0 నుంచి 12 వోల్టులకు ఎగిరి దిగుతుంటే వైరింగ్ బాగుంది, బల్బు కాంటాక్టుకు సరిగా తగలడం లేదు. ఏమీ రాకపోతే మీటరు నల్ల తీగను కారు ఇనుప బాడీకి తగిలించి మళ్లీ చూడండి. ఇప్పుడు వోల్టులు వస్తే పోయింది ఎర్త్. అప్పటికీ రాకపోతే వైరు ఎక్కడో తెగింది, ఇక మెకానిక్ పని.

బల్బులన్నీ వెలుగుతున్నా వేగం తగ్గకపోతే ఆ వైపు వెనక బల్బు, పక్క బల్బు మరోసారి చూడండి. పెట్టిన బల్బు 21 వాట్లదేనా, తక్కువదా అన్నది కూడా.

ఎల్‌ఈడీ పెట్టొచ్చా

చాలామంది అడిగేదే. మామూలు బల్బు హోల్డర్‌లో ఎల్‌ఈడీ పెడితే అది కొద్ది వాట్లే తీసుకుంటుంది కాబట్టి, బల్బు పోయిందనుకుని కారు మళ్లీ గబగబా కొడుతుంది. దానికి విరుగుడుగా 6 ఓంల రెసిస్టరు కలుపుతారు. అది 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు లాగి 24 వాట్లను వేడిగా మారుస్తుంది. వెలుగుతున్నంతసేపూ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ప్లాస్టిక్‌కో వైరుకో ఆనితే కరిగిపోతుంది. పైగా ల్యాంప్ లోపలి రిఫ్లెక్టరు ఫిలమెంటు ఉన్న చోటును లెక్కగట్టి చేసినది. ఎల్‌ఈడీ వెలుగు ఆ చోటు నుంచి రాకపోతే ఎదుటివాళ్లకు కొన్ని కోణాల్లో అసలు కనబడకపోవచ్చు. చాలా చోట్ల చట్టం కూడా దీనికి ఒప్పుకోదు. నేనైతే కంపెనీ ఏ రకం ఇచ్చిందో అదే పెడతాను. కారు ఆగి ఉన్నప్పుడు తెల్ల లెన్స్ లోంచి పసుపు బల్బు కనబడడం నచ్చనివాళ్లకు, వెండి పూత ఉండి వెలిగితే మాత్రం నారింజ రంగులో కనిపించే మామూలు ఫిలమెంటు బల్బులు ఉన్నాయి. వాటికి రెసిస్టరు అక్కర్లేదు.

పని అయ్యాక, సాయంత్రం వెలుతురు తగ్గే వేళ ఇంట్లోవాళ్లలో ఒకరిని కారుకు పది అడుగుల ముందు నిలబెట్టి రెండు వైపులా వేసి చూపించండి. రెండూ ఒకే రంగులో, ఒకే కాంతితో కొడుతున్నాయా అని అడగండి. తర్వాత వాళ్లను పక్కకు, ఫెండర్ మూలకు జరగమని చెప్పి మళ్లీ వేయండి.